ఏనుగుకు గురివింద కళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ శ్రమ తగ్గుతుంది. ఆ తొందరపాటుతోనే 1979 కార్తీక మాసంలో ఒక బాలవాడి మూతపడేంత పని చేశాను.

జవళగిరి దాటాక అడవి అంచున ఉన్న పల్లెలో తెలుగు బడికి నేనొక్కడినే అయ్యవారిని. బడి వసారాలో కెంచమ్మ బాలవాడి నడిపేది. ఆమె చదివింది ఎనిమిదో తరగతి. ఐదేళ్లలోపు పిల్లలు ఇరవై ఇద్దరు. శుక్రవారం ఆఫీసరమ్మ వస్తుందనీ, ఇరవైకి ఒక్క తల తగ్గినా బాలవాడిని వేరే ఊరికి మార్చేస్తారనీ కబురొచ్చింది.

ఆ కబురు విని కెంచమ్మ ఏం చేసిందనుకున్నారు? రెండు గోనెసంచులు విప్పి, కలిపి కుట్టి, గోడకు వేలాడదీసింది.

"రాండి బిడ్డలారా, అడివి చేద్దాము!"

"ఆఫీసరమ్మ వస్తా ఉంటే ఈ చెత్తేందమ్మా?" అని కసిరాను.

"చెత్తే సారూ. అడివి దాంట్లోనే గదా మొలిచేది," అని నవ్వింది.

నాలుగు రోజులు పిల్లల చేతులకు రాగిపిండి గంజి జిగురు వదల్లేదు. చింతకాయ పెంకులు వరసగా అతికిస్తే పాము పాకింది. చెనిక్కాయ పొట్టుతో జింకకు చుక్కలొచ్చాయి. అంకప్ప కూతురు మంజుల, నాలుగేళ్లది, ఎండిన అరటి దొప్ప తెచ్చి ఇదే తొండం అంది. ఇంకేం, అందరూ బూడిద కలిపిన మట్టిని అరచేతులతో మెత్తి దాని వెనక ఏనుగును నిలబెట్టారు. కెంచమ్మ ఎవరి చేయీ పట్టుకుని దిద్దలేదు. జింకకు ఐదు కాళ్లు పెట్టినవాణ్ణి "పరిగెత్తేదానికి ఇంకోటి కావాల్నా?" అని మాత్రం అడిగింది. ఆ ఐదో కాలు పీకేద్దామని నా చేయి దురద పెట్టింది.

గురువారం సాయంత్రం అందరూ వెళ్లాక చూస్తే ఏనుగుకు కళ్లు లేవు. మరిచిపోయారు, రేపు పోయేది నా పరువే అనుకుని రెండు గురివింద గింజలు అతికించాను. అబ్బ, ఎంత బాగుందో! మీసం దువ్వుకుంటూ ఇంటికి పోయాను.

తెల్లారి నేను బడికి వచ్చేసరికి అంకప్ప కర్రతో వసారాలో ఉన్నాడు. రాత్రి ఏనుగులు అతని రాగి చేనులో పడి అర ఎకరా తొక్కేశాయి. ఆ ఊళ్లో ఏనుగును పెద్దాయన అంటారు.

"పెద్దాయనకు కండ్లు పెట్టినోళ్లు ఎవురు? కండ్లుంటే చేను కనపడతాదని ఈ ఊర్లో ఆయన ఏ బొమ్మకూ పెట్టరు గదా! చింపేస్తా దీన్ని. నా బిడ్డ ఇంక ఈడికి రాదు!"

పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు ఆ మాట విని వాళ్ల రెక్కలు పట్టుకుని ఇంటిదారి పట్టారు. ఎనిమిదేళ్లు ఆ ఊరి నీళ్లు తాగి ఈ సంగతి తెలుసుకోలేదు. గురివింద గింజ తన నలుపెరగదంటారే, అది నేనే.

కెంచమ్మ గింజల వైపు చూసింది, నా వైపు చూసింది.

"నాదే తప్పు అంకప్పా," అంది.

అది మాత్రం భరించలేకపోయాను. "కాదు! నేనే పెట్టినాను. తెలీక పెట్టినాను," అన్నాను. నా నోట అలాంటి మాట ఆ ఊరు వినడం అదే మొదలు.

"అట్లయితే పీకెయ్ సారూ," అన్నాడు అంకప్ప.

"వద్దు," అని కెంచమ్మ అడ్డం నిలబడింది. "తెరిచిన కండ్లు పీకితే గుడ్డిగా తిరిగి ఇంకా తొక్కుతాడు. ఆకలికే గదప్పా చేన్లోకి వచ్చేది? కండ్లు తెరిచినోడికి కడుపు నింపాల. బిడ్డలారా, పెద్దాయనకు అన్నం పెడదాము రాండి!"

అంతే, దారిలో ఉన్నవాళ్లు కూడా తల్లుల చేతులు విడిపించుకుని పరిగెత్తుకొచ్చారు. ఏనుగు ముందు వెదురాకులు, అరటి తొక్కలు, గుమ్మడి గింజలు కుప్పలుగా అతికించారు. ఐదు కాళ్ల జింకవాడు తన సంగటి ముద్దలో సగం తెచ్చి మెత్తాడు. మంజుల తొండం కింద ఒక్కో ఆకూ పెడుతూ, "తిను సామీ, మా నాయన చేనికి పోవాకు," అంది.

అంకప్ప కాసేపు చూశాడు. కర్ర గోడకు ఆనించి, చేను వైపు వెళ్లిపోయాడు.

ఆఫీసరమ్మ వచ్చి కూర్చున్నాక తిరిగొచ్చాడు. చేతినిండా తొక్కుడు పడిన రాగి వెన్నులు, మట్టి కూడా దులపలేదు. కూతురి పక్కన గొంతుక్కూచుని, "ఇదీ అతికియ్యమ్మా. ఈడే తిననీ," అన్నాడు.

నా కళ్లు తడిశాయి, దాచేదేముంది! ఇరవయ్యేళ్లుగా ఊరూరా బెత్తం పట్టుకుని నేను చేయలేనిది ఆమె గంజి గిన్నెతో చేసింది.

ఆఫీసరమ్మ తలలు లెక్కపెట్టి, "ఇరవై ఇద్దరు," అని రాసుకుంది.

"ఇరవై ముగ్గురమ్మా," అన్నాను.

"ఇంకొకరు ఎక్కడ?"

"నేనే. కెంచమ్మ దగ్గర ఈ పొద్దే చేరినాను."