చెప్పులు తిరిగిన దారి

టైలరమ్మ పొద్దున లేవగానే కోళ్ల గూట్లోకి వెళ్లి గుడ్లు తీస్తుంది. అటు నుంచి అటే మెట్ల కింద వల కట్టిన గదిలోకి దూరి కౌజు పిట్టలకు గింజలు వేస్తుంది. కోళ్లు అత్తగారివి, కౌజులు ఆమెవి. అత్తగారు ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి, కోళ్లను కూడా అదే గొంతుతో అదిలిస్తుంది. కోడలు పదకొండు కౌజులనూ కుట్టుమిషను పక్కనే బల్బు వేడిలో పొదిగించి పెంచుకుంది.

సోమవారం ఒకటి చచ్చిపోయింది. ముందు రోజు సాయంత్రం దాకా గింజలు తిన్నదే. బొద్దుగా, ఈక చెదరకుండా పడి ఉంది. మంగళవారం రెండు పోయాయి. గురువారానికి మిగిలినవి ఐదు. కోళ్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

"మీ కోళ్లకేం కాలేదే అత్తయ్యా!" అంది కోడలు.

"అంటే? నీ పిట్టలకు నేనేమన్నా పెట్టాననా?"

కోడలి మొగుడు టీ గ్లాసులో ఏదో పడ్డట్టు అందులోకే చూస్తూ కూర్చున్నాడు.

"ఈ ఇంట్లో కోళ్లన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అనేసింది కోడలు.

అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడ మాట పడి ఊరుకోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

శుక్రవారం పశువుల డాక్టరు చచ్చిన పిట్టను కోసి చూశాడు. పేగు నిండా చిన్న చిన్న పుళ్లు.

"ఇంట్లో కోళ్లున్నాయా?"

"ఉన్నాయి. వాటికి ఏ జబ్బూ లేదండీ."

"లోపల జబ్బున్నా కోళ్లు పైకి బాగానే ఉంటాయి. వాటి రెట్ట సోకితే కౌజులు తట్టుకోలేవు. ఈ మందు నీళ్లలో కలపండి. రెట్ట ఎలా వస్తోందో అది కనిపెట్టండి."

"మధ్యలో గోడ ఉందండీ!"

"గోడ దాటేదేదో ఉంటుంది."

ఆ ఊళ్లో ఎవరి చెప్పులైనా తెల్లవారుజామున, నిన్న తిరిగిన దారంతా వాటంతటవే ఇంకోసారి తిరిగొచ్చి, ఆరింటికల్లా గుమ్మం ముందుంటాయి. పేపరు వేసే ఆయన పక్కకు జరిగి వాటికి దారిస్తాడు. వాటి వెనకాల వెళ్లడం మాత్రం ఒకరి ఉత్తరం ఇంకొకరు చదివినట్టే. శనివారం కోడలు ఆ మర్యాద పక్కనపెట్టి, అత్తగారి చెప్పుల కోసం మెట్ల మీద కాపు కాసింది.

ముందు కదిలినవి కోడలి సొంత చెప్పులే. కోళ్ల గూట్లోకి వెళ్లి, రెట్ట తొక్కుకుంటూ బయటికొచ్చి, గోడ చుట్టూ తిరిగి తిన్నగా వల గదిలోకి దూరాయి. కౌజుల గింజల మధ్య నిలబడ్డాయి.

"నేనా!" అంది కోడలు పైకే.

తర్వాత అత్తగారి చెప్పులు కదిలాయి. కోళ్ల దగ్గర కాసేపుండి, కౌజుల వైపు వెళ్లకుండానే గేటు కింద నుంచి వీధిలోకి దూరాయి. నిన్న ఆవిడ వెళ్తానన్న స్నేహితురాలి ఇల్లు ఎడమ వైపు. చెప్పులు కుడి వైపు తిరిగాయి. ఎక్కడికబ్బా అని కోడలు వెనకే నడిచింది. అవి ఆడవాళ్ల ఆస్పత్రి మెట్లెక్కి, తలుపు దాకా వెళ్లి, దిగాయి. మళ్లీ ఎక్కి, మళ్లీ దిగాయి. నాలుగోసారి దిగి ఇంటిదారి పట్టాయి.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింట్లో నిలబడి ఉంది.

"నా చెప్పుల వెనక వెళ్లావా?"

"వెళ్లాను. ఒంట్లో ఏంటత్తయ్యా?"

"గడ్డ. రొమ్ములో. రెండు నెలలైంది."

"అక్కడిదాకా వెళ్లి లోపలికెందుకు వెళ్లలేదు?"

"వెళ్తే దానికో పేరు పెడతారుగా."

"పిట్టల్ని చంపింది నేనే" అంది కోడలు. "నా కాళ్లతోనే జబ్బు మోసుకొచ్చాను. మిమ్మల్ని అన్నాను."

"అంటే అన్నావులే. ఏడవకు."

ఆ పూటే కోడలు మిషనుకు గుడ్డ కప్పేసి ఆవిడను ఆస్పత్రికి తీసుకెళ్లింది. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంది, లోపలికి వెళ్లేదాకా వదల్లేదు. పరీక్షలయ్యాక డాక్టరమ్మ, "రొమ్ము తీసేయాలి. ప్రాణానికి భయం లేదు. ఇంకో ఏడాది ఆగుంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని" అంది.

కౌజుల్లో ఇంకొకటి పోయింది. నాలుగు బతికాయి. కోళ్ల గూటి దగ్గరికి ఇప్పుడు కోడలి మొగుడే వెళ్తున్నాడు.

ఆపరేషనయ్యి ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి అత్తగారి మంచం మీద కొత్త జాకెట్టు ఉంది. లోపల ఎడమ వైపు దూది పెట్టి కుట్టింది. ఆవిడ వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"కొలతలెప్పుడు తీశావే?"

"మీరు నిద్రపోతున్నప్పుడు."

"ఎడమ వైపు కాస్త ఎక్కువైంది."

"ఇలా ఇవ్వండి, తగ్గిస్తాను" అంది కోడలు, సూదిలోకి దారం ఎక్కిస్తూ.