మణెమ్మ ఎత్తుకు నిలువుటద్దం

ఏలూరులో వ్యాపారం మొదలుపెట్టిన రోజున అబ్దుల్ జబ్బార్ చేతిలో ఉన్నవి మూడే. అద్దం కోసే వజ్రపు ములికి ఒకటి. మామగారిచ్చిన బొంత ఒకటి. తుపానుకు కిటికీలు ఊడిపోయిన ఓ బంగళాలోంచి ఏరుకొచ్చిన అద్దం ముక్కలు గంపెడు. ఆ ముక్కల్ని జానెడు చదరాలుగా కోసి, వీపుకు వెండిరసం పూసి, గోడదీపాల వెనక బిగించి, వీధి వీధీ తిరిగి అమ్మాడు. "దీపం ఒకటి, వెలుగు రెండింటిదండీ. కిరసనాయిలు మాత్రం ఒక్కదానికే" అనేవాడు. మాటలో అబద్ధం లేదు కాబట్టి కొన్నవాళ్లు మళ్లీ పిలిచి కొన్నారు.

నలభై ఏళ్లు గడిచాయి. ములికి అరిగిపోయింది, ముక్కలు ఏనాడో గోడలెక్కాయి, బొంత మాత్రం మిగిలింది. పందొమ్మిది వందల ముప్పై నాలుగు డిసెంబరులో, క్రిస్మసుకు వారం ముందు, అది కొల్లేటి మీద ఆకివీడు వెళ్లే పడవలో ఒక నిలువుటద్దానికి చుట్టి ఉంది. జబ్బార్ దాని పక్కనే కూర్చుని, రెండు చేతులతో చట్రం పట్టుకుని, పడవ ఎటు ఒరిగితే అటు కొంచెం ఒరుగుతున్నాడు.

"పడుకోబెట్టెయ్యచ్చు కదా సాయిబుగారూ! తెల్లారినప్పట్నుంచీ పట్టుకునే కూర్చున్నారు" అన్నాడు గెడ వేస్తున్న ఏసోబు.

"పెద్ద అద్దాన్ని పడుకోబెడితే దాని బరువుకే అది విరుగుతుంది. నిలబడి ఉంటే వందేళ్లుంటుంది."

"ఆ బొంత ఓసారి తీశారంటే ఈ పిట్టలన్నీ వచ్చి మొహాలు చూసుకుంటాయండీ, ఆయ్!"

"చూసుకున్న ప్రతి పిట్టా కొనాలి మరి. అరువు ఇవ్వను."

ఏసోబు పగలబడి నవ్వాడు. జబ్బార్ నవ్వలేదు గాని గడ్డం కదిలింది. పొట్టి మనిషి, అరవై దాటాయి. మెరుగెక్కిన బట్టతల మీద తెల్ల టోపీ. అద్దాలకు వెండిరసం పూసే పనిలో ఏళ్ల తరబడి నానిన వేలికొనలు నల్లగా ఉంటాయి, గోళ్ల కింద నలుపు ఏ సబ్బుకూ పోదు. రెండు నెలలుగా ఎడమ రొమ్ములో ఎవరో చెక్క మేకు దిగ్గొట్టినట్టు ఉంటోంది. బరువులెత్తితే బతకవని డాక్టరు చెప్పాడు. ఎత్తకపోతే ఎలా బతకాలో డాక్టరు చెప్పలేదు. అందుచేత ఎత్తుతూనే ఉన్నాడు.

పడవలో అద్దంతో పాటు పేము అల్లిన చేతుల కుర్చీలు రెండు, నునుపు చేసిన టేకు గుండ్రబల్ల ఒకటి, అద్దపు వీపు గోడదీపాలు రెండు ఉన్నాయి. అన్నీ ఒకే గదికి. గది అందం సామాను మీద కాదు, సామాను ఉన్నచోటు మీద ఉంటుందని జబ్బార్ నమ్మకం. కుర్చీని గోడకు అంటించి పెడితే అది పంచాయతీ. నాలుగు వేళ్లు ముందుకు జరిపితే ఇల్లు. అద్దాన్ని గుమ్మానికి ఎదురుగా పెడితే పది అడుగుల గది ఇరవై అడుగులవుతుంది, చేను, చెట్టు, ఆకాశం కిరాయి లేకుండా లోపలికి వస్తాయి. ఈ సంగతి తెలిసినవాడు గనుకనే అత్తిలి నుంచి గణపవరం దాకా మేడలు కట్టిన ప్రతివాళ్లూ అతన్నే పిలిచారు.

అన్ని ఇళ్లు అలంకరించినవాడి ఇంట్లో మాత్రం పెద్ద అద్దం లేదు. భార్య బద్రున్నీసా అడుగుతూనే ఉండేది. "అమ్ముడుపోనిది నీకే" అనేవాడు. అతని దగ్గర అమ్ముడుపోనిదంటూ ఉంటే కదా! ముప్పై ఏళ్లు అరచెయ్యంత ముక్కలో సగం మొహం ఒకసారీ, సగం ఒకసారీ చూసుకుని ఆమె కన్నుమూసింది. ఆ బేరంలో నష్టపోయింది ఎవరో జబ్బార్‌కు తెలుసు. తెలిసి చేసేదేమీ లేదు.

ఆకివీడు రేవులో పడవ ఆగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. గట్టు మీద గొడుగు వేసుకుని వెంకట్రాజుగారు నిలబడి ఉన్నాడు. ఆ చుట్టుపక్కల సగం చేలు ఆయనవి. ధాన్యం ధర పడిపోయి అందరూ మేడలు అమ్ముకుంటున్న రోజుల్లో కొత్త మేడ లేపినవాడు ఆయనొక్కడే. ఆ మేడ హాలు మొత్తం అలంకరించే పని జబ్బార్‌కు చెప్పాడు. పన్నెండు కుర్చీలు, సోఫాలు, నాలుగు అద్దాల బీరువాలు ఏలూరు కొట్టులో సిద్ధంగా ఉన్నాయి. ఈ కరువులో అవి మరొకరు కొనేవి కావు.

"ఏం సాయిబూ, మా ఇంటికేనా?"

"మీ సామాను పండగ వెళ్లాక తెస్తానండీ. ఇది మిషన్ పేటకండీ. వరదానం మేష్టారింటికి."

"విన్నాను. నమ్మలేదు." ఆయన గొడుగు మూసి, దాని కొనతో బొంతను మెల్లగా తట్టాడు. "వాళ్లమ్మ మణెమ్మ నిన్నగాక మొన్నటిదాకా మా దొడ్డి ఊడ్చింది. ఇవాళ ముందుగదిలో నిలువుటద్దం! ఎదురుగా కుర్చీ! ఇంకా మా ఎదట నిలబడేదెవరయ్యా?"

"మేష్టారు జీతంలో కూడబెట్టి బయానా ఇచ్చారండీ."

"తిరిగిచ్చెయ్. రెట్టింపు నేనిస్తా. పడవ ఇటునుంచి ఇటే మా రేవుకు తిప్పించు."

జబ్బార్ లెక్క వేసుకున్నాడు. వేసుకోకుండా ఉండడం అతని చేత కాదు. ఒకవైపు మేడ మొత్తం. రెండోవైపు రెండు కుర్చీలు, ఒక అద్దం. చిన్నపిల్లాడైనా తేల్చగల లెక్క. కాని గొడుగు కొన ఇంకా అద్దం మీదే ఉంది. అతను వంగి, రెండు నల్లటి వేళ్లతో దాన్ని పక్కకు తొలగించాడు.

"రెట్టింపిస్తే మీకు ఇలాంటిదే ఇంకోటి తెస్తానండీ. ఇది మాత్రం వాళ్లది."

"మేడ పని పోతుంది."

"మేడ మీది. పని నాదండీ. పిలవకపోతే రాను."

వెంకట్రాజుగారు మొహం ఎర్రగా చేసుకుని వెళ్లిపోయాడు. ఏసోబు గెడ దింపి ఆయన వెళ్లిన వైపే చూశాడు.

"ఎంత పని చేశారండీ సాయిబుగారూ!"

"చూస్తావేం, ఆ చివర పట్టుకో. నిలబెట్టే మొయ్యాలి."

మిషన్ పేటకు రేవు నుంచి సన్నని చేలగట్టు మీద నడవాలి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు బురదలోకి దిగాలి. ఎవరు దిగాలన్నది ఎవరూ ఎక్కడా రాయలేదు గాని, పేటలో పుట్టిన బిడ్డకు నడక వచ్చిన రోజే అదీ వస్తుంది. చేలున్న ఆసామి ఎదురైతే గట్టు దిగడం, తల వంచడం, ఆయన దాటాక ఎక్కడం. డెబ్బై ఏళ్ల మణెమ్మ కాళ్లకు ఆ దిగడం ఎంత అలవాటంటే కాళ్లు ఆమెను అడగవు.

వరదానం మేష్టారి ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు, కొత్త సున్నం వాసన కొడుతోంది. మేష్టారు తాటిచెట్టంత మనిషి, గుమ్మం దాటినప్పుడల్లా వంగాలి. జబ్బార్ గది మధ్యలో నిలబడి నాలుగు గోడలూ చూశాడు. గుమ్మానికి ఎదురుగోడ ఎంచుకున్నాడు. తర్వాత ప్రతి ఇంట్లోనూ అడిగే మాటే అడిగాడు.

"ఎవరి ఎత్తుకు పెట్టమంటారు?"

ప్రతి ఇంట్లో ఒకటే జవాబు వచ్చేది. యజమాని ఎత్తుకు. తలపాగా పైన ఇంకో జానెడు. ఆడవాళ్లకు నుదుటి బొట్టు కనపడితే చాలనేవారు, పొట్టివాళ్లకు అదీ కనపడేది కాదు.

"మా అమ్మ ఎత్తుకు పెట్టండి" అన్నాడు మేష్టారు.

జబ్బార్ చేతిలో సుత్తి ఆగింది. "ఆలోచించుకోండి. మీకు మీ తల కనపడదు."

"నా తలను బడిలో పిల్లలు రోజూ చూస్తూనే ఉన్నారు కదండీ."

"కూర్చుంటే కనపడుతుంది లెండి. కుర్చీలు తెచ్చింది అందుకేగా!"

మణెమ్మను పిలిచి గోడ దగ్గర నిలబెట్టారు. తెల్లచీర, కమ్మలు లేక సాగిపోయిన చెవులు, ముందుకు వంగిన నడుము. జబ్బార్ చెవిమీది పెన్సిలు తీశాడు.

"నిటారుగా నిలబడాలమ్మా."

"ఇదే నా నిటారండీ సాయిబుగారూ."

"అలాక్కాదు. వీపు గోడకు ఆనించండి."

"సున్నం అంటదూ?"

"అంటనీండి. గోడ మీదేగా!"

ఆమె ఒక్కొక్క ఎముకనూ అడిగి బతిమాలుకున్నట్టు వీపు నిమురుకుంటూ గోడకు ఆనించింది. గట్టిగా నాలుగు వేళ్లు పెరిగింది. జబ్బార్ అక్కడ గీత పెట్టాడు. ఆ గీత పైన చెక్క బిళ్లలు దిగ్గొట్టి, కొక్కేలు బిగించి, ఏసోబు ఒకవైపూ తానొకవైపూ అద్దాన్ని ఎత్తారు. ఎత్తుతున్నప్పుడు రొమ్ములో మేకు ఇంకొక దెబ్బ లోపలికి దిగింది. ఊపిరి బిగబట్టి, చట్రం కొక్కేనికి తగిలిన చప్పుడు వినేదాకా వదల్లేదు. పెన్సిలును చట్రం పైన పెట్టి, తూకం చూసి, పై అంచు ఒక వేలెడు ముందుకు ఒరిగేలా చట్రం వెనక తాడు సరిచేశాడు. రెండు పక్కలా గోడదీపాలు. కిటికీ కింద కుర్చీలు, గోడకు నాలుగు వేళ్లు ఎడంగా. మధ్యలో గుండ్రబల్ల.

అంతలో దొడ్డిదారిన పూలు కోసుకురావడానికి వెళ్లిన మణెమ్మ ముందువైపు నుంచి తిరిగి వచ్చింది. మెట్టెక్కి గుమ్మంలో కాలు పెట్టబోతూ, లోపలినుంచి తెల్లచీర కట్టిన పెద్దావిడెవరో పూలబుట్టతో ఎదురు రావడం చూసింది. కాళ్లు ఆమెను అడగలేదు. తల వంచుకుని, గబుక్కున మెట్టు దిగి, పక్కకు తొలగి నిలబడింది.

గదిలో ఎవరూ నవ్వలేదు. మేష్టారు మొహం తిప్పుకున్నాడు. జబ్బార్ ఒక్కడే గుమ్మం దాకా వెళ్లాడు.

"ఎవరికమ్మా దారిచ్చారు?"

"ఎవరో అమ్మగారు వస్తున్నారు కదండీ."

"సరిగా చూడండి. మీరు దిగితేనే ఆవిడ దిగింది."

మణెమ్మ మెల్లగా తలెత్తింది. బుట్ట చూసింది. చీర అంచు చూసింది. సాగిన చెవులు తడుముకుంది. అద్దంలో ఆవిడా తడుముకుంది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ!" అంది. మెట్టెక్కింది. ఎదురుగా ఆవిడా ఎక్కింది. మణెమ్మ కాసేపు ఆగి చూసింది, మొండిగా. "ఇది దిగేలా లేదండీ సాయిబుగారూ."

"మీరూ దిగకండి."

అప్పుడు నవ్వారందరూ. అందరికంటే గట్టిగా మణెమ్మ నవ్వింది. ఒక కుర్చీలో తాను కూర్చుని, రెండోది చూపించింది. "కూర్చోండి సాయిబుగారూ. వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉన్నారు."

అమ్మిన కుర్చీలో కూర్చోకూడదని జబ్బార్ నియమం. కూర్చుంటే సరుకు పాతదవుతుంది. నలభై ఏళ్లలో ఎంతమంది జమీందార్లు బతిమాలినా కూర్చోలేదు. ఇప్పుడు కాళ్లు నిలవలేదు. కూర్చున్నాడు. పేము మెత్తగా కిరకిరమంది. మేష్టారు ఇచ్చిన మంచినీళ్లు సగం తాగి గ్లాసు బల్లమీద పెట్టాడు. అద్దంలో గుమ్మం కనబడింది, గుమ్మంలోంచి చేలు, చేల పైన కొల్లేటి వైపు దిగుతున్న కొంగల బారు.

"చోటు కుదిరింది" అన్నాడు. "బాగా కుదిరింది."

"మేడ పని పోయిందటగా నాయనా మా మూలంగా? ఏసోబు చెప్పాడు."

"మేడలో నాలుగు అద్దాలు పెట్టేవాణ్ణమ్మా. నాలుగింటిలో ఒక్క మొహమే కనపడేది. గిట్టుబాటు కాదు."

మణెమ్మ నవ్వి, చామంతులు దండ గుచ్చుకుంటూ ఏవేవో చెబుతూ పోయింది. గాలివాన ఏట కొట్టుకుపోయిన గుడిసె సంగతి, కొడుకును బడికి పంపినందుకు తిన్న తిట్ల సంగతి. దండ పూర్తయి, సాయిబుగారికి చూపిద్దామని తిరిగేసరికి జబ్బార్ తల కుర్చీ వీపుకు ఆని ఉంది. కళ్లు సగం తెరిచి అద్దం వైపే ఉన్నాయి. ఊపిరి లేదు.

పొద్దు వాలకముందే బయల్దేరారు. ఆకివీడు సాయిబులు నలుగురు వచ్చారు, గట్టు సన్నం గనుక ముందొకరు వెనకొకరుగా వంతులేసుకుని మంచం వాళ్లే ఎత్తుకున్నారు. పడవలో ఏలూరు తీసుకెళ్లాలి. చేలగట్టు మీద ముందు మేష్టారు నడిచాడు, అతని వెనక ఏసోబు, తర్వాత మంచం, వెనకాల మణెమ్మ. సగం దారిలో వెంకట్రాజుగారు ఎదురయ్యాడు. గట్టు ఇద్దరు పట్టేది కాదు. మేష్టారు ఆగాడు. మంచం ఆగింది. ఏసోబు అలవాటుగా ఒక కాలు బురదలోకి దించాడు గాని, వెనకనుంచి మణెమ్మ గొంతు వినబడింది.

"దిగకురా."

ఎవరూ దిగలేదు. వెంకట్రాజుగారు మంచం వైపు చూశాడు, దాని వెనక వీపు నిటారుగా పెట్టుకుని నిలబడ్డ ముసలిదాన్ని చూశాడు. గొడుగు మూశాడు. పంచె పైకి పట్టుకుని, చెప్పులతోనే చేలోకి దిగాడు. దారి శవానికిచ్చాడో, మణెమ్మకిచ్చాడో ఆయనకే తెలియాలి. మణెమ్మ అది అడగలేదు. దాటి వెళ్లింది.

మేడ హాలు పని బెజవాడ కొట్టువాడికి పోయింది. ఏలూరులో మిగిలిన కుర్చీలు వేలంలో సగం ధరకు కూడా పోలేదు. వ్యాపారం తెలిసినవాళ్లు జబ్బార్ చివరి బేరం నష్టమన్నారు. వాళ్లు లెక్కలోకి తీసుకోనివి కొన్ని ఉన్నాయి. ఆ తర్వాత పేట మనుషులు ఆ గట్టు మీద ఎవరికోసమూ దిగలేదు. సున్నం గోడ మీద ఒక ముసలమ్మ నిటారుగా నిలబడిన ఎత్తుకు ఒక గీత ఉంది. దాని మీద అద్దం, అద్దం చట్రం పైన, పెట్టినచోటే, ఒక పెన్సిలు ముక్క.