పొడుగు ముక్కు డాల్ఫిన్

ఆరఖిత బెహెరా పడవ కంకడాపడా రేవులో వరసలో ఉండాలా, ఊడిపోవాలా అన్నది ఇప్పుడు కలకత్తా నుంచి దిగే ఎవరో ఒక బాబు నోట్లో ఉంది.

రేవు పద్ధతి అలాంటిది. పడవలు వంతు ప్రకారం కదులుతాయి. చిలికా సరస్సులో తిరిగొచ్చినవాళ్ళు గట్టెక్కగానే, రేకుల పందిరి కింద కుర్చీ వేసుక్కూర్చున్న సంఘం సభాపతి భ్రమరబర జెనా ఒకే ప్రశ్న అడుగుతాడు: "డాల్ఫిన్ కనబడిందా?" కనబడిందంటే ఆ పడవ వంతు పదిలం. లేదంటే వరస చివరికి పోతుంది. రెండోసారి కూడా లేదంటే పేరే కొట్టేస్తారు. ఇక ఏడాది దాకా ఆ పడవలో యాత్రికుడు కాలు పెట్టకూడదు. పోయిన శీతాకాలం ఎవరో పెద్దమనిషి ఇంటికెళ్ళి ఫోనులో కంకడాపడాకి అయిదు చుక్కల్లో ఒక్కటంటే ఒక్క చుక్క ఇచ్చి, 'నీళ్ళు తప్ప ఏమీ లేవు' అని రాశాడు. అప్పట్నుంచీ ఈ నిబంధన. అంతటి సరస్సులో నీళ్ళు కాక ఇంకేముంటాయని సంఘంలో ఎవరూ అడగలేదు.

ఆరఖితకి ఒక 'లేదు' అప్పటికే పడింది.

విడ్డూరం ఏమిటంటే, ఆ రోజు అతను చూపించాడు. ఒకటి కాదు, మందనే చూపించాడు. చిలికా జాలరులు డాల్ఫిన్‌ని ఖేరా అంటారు. బూడిద రంగు, గుండ్రటి బోడి తల, ముక్కన్నదే ఉండదు. ఎగరడాలూ గెంతడాలూ దానికి తెలియవు. పెద్దాయన దుప్పట్లో ఒత్తిగిల్లినట్టు నీటి మీద వీపు తిప్పి, ఫుస్సుమని ఊపిరి వదిలి, మళ్ళీ మునుగుతుంది. అంతే దాని ప్రదర్శన.

రేవు మొదట్లో నిలబెట్టిన బోర్డు మీద ఉన్నది మాత్రం వేరే జంతువు. దాన్ని వేసిన బరంపురం పెయింటరు పుట్టి బుద్ధెరిగి ఖేరాని చూడలేదు. బిస్కెట్ డబ్బా మీది బొమ్మ చూసి లాగించేశాడు. నిగనిగలాడే నీలి రంగు, బారెడు ముక్కు, నోటినిండా నవ్వు, ముక్కు చివర ఎర్ర బంతి. పడవవాళ్ళు మొదట గొణిగారు. "ఊరుకోండిరా, ఎంత బాగా నవ్వుతోందో చూడండి. మన ఖేరా ఎన్నడైనా ఎవడి మొహం చూసైనా నవ్విందా?" అన్నాడు భ్రమరబర. బోర్డు ఖాయమైపోయింది.

వచ్చినవాళ్ళు ముందు ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగుతారు. తరవాత సరస్సులోకెళ్ళి ముక్కు కోసం వెతుకుతారు. మిగతా పడవవాళ్ళు తెలివైనవాళ్ళు. "ఇవి పిల్లలు బాబూ, ముక్కు ఇంకా రాలేదు" అనేసి ఒడ్డుకి చేరుస్తారు. ఆరఖితకి ఆ పాటి లౌక్యం లేదు, ఉన్నదల్లా నోరు. "బోర్డు మీదది అబద్ధం, నా ఖేరా నిజం" అని రాయపూర్ నుంచి వచ్చిన వాళ్ళతో నడి సరస్సులో వాదం పెట్టుకున్నాడు. "అయితే మీరు అబద్ధం రాసి పిలిచారన్నమాట" అని వాళ్ళు గట్టెక్కి 'లేదు' అనేశారు.

ఆ సాయంత్రం భార్య తిలోత్తమ చద్దన్నం గిన్నె అతని ముందు ఠంగుమని పెట్టింది.

"వంతు పోతే ఇంజను మూలపడుతుంది. ఇంజను మూలపడితే నేను వడల కొట్టు పెడతాను. నువ్వు పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగు. కళ్ళెంబడి నీళ్ళు కారుతుంటే నోరైనా ఆగుతుందేమో చూద్దాం."

ఆమె తమ్ముడు సుకురు గుమ్మంలో కూర్చుని చేపముల్లుతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"బావా, తప్పు నీదే. వాళ్ళు ఖేరాని చూడ్డానికి రావట్లేదు. బోర్డుని చూడ్డానికి వస్తున్నారు. బోర్డునే చూపిద్దాం."

"బోర్డు పీకి నీళ్ళలో వెయ్యమంటావేంట్రా?"

"దసరాకి పక్కూళ్ళో సముద్రంలా మండపం కట్టారు చూశావా? అందులోని థర్మోకోల్ డాల్ఫిన్ మన గొడ్ల చావిట్లోనే ఉంది. ముక్కూ, నవ్వూ అన్నీ ఉన్నాయి. రెల్లు దీవి దగ్గర వలగుంజలకి తాడు కడతా. నేను రెల్లులో కూర్చుని లాగుతా, అది ఎగురుతుంది. దూరంగా పడవ ఆపడం నీ వంతు."

"ఛీ! ఈ నీళ్ళ మీద పుట్టినవాణ్ణి. థర్మోకోల్ ఆడిస్తానా?"

"ఆడించకు," అంది తిలోత్తమ. "ఉల్లిపాయలు తరుగు."

ఆరఖిత చద్దన్నం తిన్నంతసేపూ మాట్లాడలేదు. మాట్లాడలేదంటే ఒప్పుకున్నట్టే అని సుకురు తాడు వెతకడానికి లేచాడు.

మర్నాడు వరస చివర్న ఆరఖిత వంతుకి పడ్డవాళ్ళు ముగ్గురు. చక్లాదార్ బాబు, ఆయన భార్య, ఆమె తమ్ముడు బుబాయి. డిసెంబరు ఎండ చురచురలాడుతున్నా ముగ్గురూ కోతిటోపీలు గడ్డం దాకా బిగించుకుని, చలికి వణకడానికి సిద్ధంగా ఉన్నారు.

"ఓ మాఝీ! డాల్ఫిన్ గ్యారంటీయే కదా?" అని పడవవాణ్ణి అడిగాడు చక్లాదార్ బాబు ఎక్కుతూనే.

"గ్యారంటీ బాబూ."

అన్నాడే గానీ, ఆరఖిత మనసులో ఒక ఆశ ఉంది. ఈ ఒక్కసారికి ఖేరానే ఒప్పుకుంటే బావుణ్ణు, గడ్డి చాటున కూర్చున్న బావమరిది దోమలతోనే ఆడుకుంటాడు. అందుకని ముందు పడవని ఖేరాలు తిరిగే కాలువ మొగవైపు తిప్పి, ఇంజను ఆపి, గెడతో నెమ్మదిగా నెట్టాడు. అతని లెక్క తప్పలేదు. పడవకి చేయి చాపితే అందేంత దగ్గరలో నీళ్ళు చీలి, ఒక పెద్ద వీపు, దాని పక్కనే ఒక చిన్న వీపు తేలాయి. ఫుస్స్.

"అదిగో బాబూ! తల్లీ బిడ్డా!"

"ఏదీ?"

"ఎదురుగా ఉందే, అదే."

చక్లాదార్ బాబు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "దీనికి ముక్కేదీ?"

"దీని జాతికి ఉండదు బాబూ."

"ముక్కు లేని జాతేమిటయ్యా? బుబాయీ, ఇలా రా. దీన్ని చూస్తే నీకేమనిపిస్తోంది?"

బుబాయి బావగారి పక్కకి వచ్చి తొంగిచూశాడు. "జామాయిబాబూ, మా ఆఫీసులో బడాబాబు స్నానానికి దిగినట్టుంది."

"ఓగో, వింటున్నారా? అది గేదె," అంది భార్య. "చిలికాలో గేదెలు ఈదుకుంటూ పోయి గడ్డి మేస్తాయట. మా వదిన చెప్పింది."

"గేదె కాదు తల్లీ, ఖేరా. ఆ బోర్డు మీదది..." ఆరఖిత నాలుక కరుచుకున్నాడు. తిలోత్తమ ఉల్లిపాయల బుట్ట కళ్ళ ముందు కదిలింది.

"మాఝీ, మేము చదువుకున్నవాళ్ళం. గేదెనో కప్పనో చూపించి డాల్ఫిన్ అంటే నమ్మేవాళ్ళం కాదు. నాకు నిజమైన డాల్ఫిన్ కావాలి. లేకపోతే ఒడ్డున మీ సభాపతికి ఏం చెప్పాలో నాకు తెలుసు."

తల్లి ఖేరా మళ్ళీ తేలి, ఆ కోతిటోపీల వంక ఓసారి చూసి, నోట్లోని నీళ్ళు పిచికారీలా ఊసి మునిగిపోయింది.

దారిలో ఇసుక దీవి దగ్గర ఆగారు. ఎర్ర పీతలు మనిషి అలికిడికే కన్నాల్లో దూరాయి. దూరనిది ఆలుచిప్పలు పగలగొట్టేవాడు ఒక్కడే. అతను బకెట్లోంచి ఒక చిప్ప తీసి, కత్తితో విప్పి, లోపలి మెత్తటి కండలోంచి ముత్యం తీసి చూపించాడు. రెండో చిప్పలోంచి కెంపు తీశాడు. ఆలుచిప్పకి కెంపు పుట్టడం ఆ దీవి మహిమ. ఖేరాకి ముక్కు వెతికిన చక్లాదార్ బాబు ముత్యాన్ని పంటి కింద పెట్టి కొరికి, "అసలైనది! నేను పోల్చగలను," అన్నాడు. భార్య రెంటినీ చీర కొంగున ముడేసింది. "కెంపు ఇంకొంచెం పెద్దది దొరుకుతుందేమో అడగండి," అంది. చిప్పలవాడు బకెట్లో చెయ్యిపెట్టి పెద్దది కూడా తీశాడు.

ఆరఖిత పడవ అంచున కూర్చుని అదంతా చూశాడు. పొద్దుట్నుంచీ గొంతులో అడ్డం పడి ఉన్న సిగ్గు ఆ పెద్ద కెంపుతో పాటు గుటుక్కున దిగిపోయింది. ఇంజను తిప్పి తిన్నగా రెల్లు దీవి వైపు పోనిచ్చాడు.

తగినంత దూరంలో పడవ ఆపి, సరస్సు అమ్మవారి పేర సుకురుతో అనుకున్న కేక వేశాడు. "జై మా కాళీజాయీ!"

పడవలో ముగ్గురూ చేతులు జోడించారు. రెల్లులో పీకల్లోతు బురదలో ఉన్న సుకురు తాడు లాగాడు. నీళ్ళలోంచి నీలి రంగు డాల్ఫిన్ ముక్కు పైకెత్తి లేచింది. గాల్లో ఒక మెలిక తిరిగి, నీళ్ళ మీద చప్పుడుతో పడి, వెల్లకిలా తేలింది. నవ్వు చెక్కుచెదరలేదు.

"ఓ మా!" చక్లాదార్ బాబు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత ముద్దుగా పడుకుందో చూడండి!" అంది భార్య.

"మనల్ని చూసి నవ్వుతోంది జామాయిబాబూ!"

బుబాయి అప్పటికే కలకత్తాకి వీడియో కాల్ కలిపాడు. అవతల శ్యామ్‌బజార్‌లో, ఆ గేదెల సంగతి చెప్పిన వదినగారు కనబడింది. ఆమె పోయిన ఏడాది చిలికా వచ్చి ఏమీ చూడకుండా వెళ్ళిన మనిషి. చక్లాదార్ బాబు ఫోను ఆమెకి బాగా కనబడేలా పట్టుకుని, "చూస్తున్నావా? సరిగ్గా చూడు, మళ్ళీ నీకు దొరకదు," అన్నాడు. సుకురు ఇంకోసారి లాగాడు. ఇంకోసారి ఎగిరింది. ఆరఖిత బతికి బయటపడ్డాననుకున్నాడు.

అంతలో ఫుస్స్ మంది. ఇటు ఫుస్స్, అటు ఫుస్స్. నీళ్ళలో ఆ చప్పుళ్ళేమిటో చూద్దామని ఖేరాలు వచ్చేశాయి. నాలుగైదు బోడితలలు నిటారుగా పైకి లేచి నీలి రంగు కొత్త చుట్టాన్ని చుట్టుముట్టాయి. ఒకటి దాన్ని నుదుటితో పొడిచింది. ఇంకొకటి దాని మొహాన నీళ్ళు ఊసింది.

"అయ్యయ్యో! గేదెలు డాల్ఫిన్‌ని చంపేస్తున్నాయి!" చక్లాదార్ బాబు లేచి నిలబడితే పడవ ఒరిగింది. "మాఝీ, కర్ర తియ్యి! కొట్టు వాటిని! తరిమెయ్!"

ఆరఖిత వాడలో ఖేరా మీద ఎవరూ చెయ్యెత్తరు. చేపల గుంపుని వలలోకి తోలేది అదే. దాన్ని కొట్టిన చేతికి మర్నాటి నుంచి వల బరువు తగలదని వాళ్ళమ్మ చిన్నప్పుడే చెప్పింది.

"అవి వాటంతటవే పోతాయి బాబూ."

"కొడతావా లేదా? కొట్టకపోతే రేవులో 'లేదు' అంటాను. అమ్మవారి మీద ఒట్టు!"

"కొట్టవయ్యా, చూస్తావేం?" అంది భార్య.

"లైవులో ఉన్నాం, కొట్టు!" అన్నాడు బుబాయి.

ఆరఖిత గెడ ఎత్తాడు. ఎదురుగా తల్లి ఖేరా తల, దాని పక్కన ఆ నవ్వు మొహం. బరంపురం పెయింటరు దగ్గర్నుంచి భ్రమరబర దాకా అందరూ కలిసి తనని చూసి నవ్వుతున్నట్టే ఉంది. మనసు ఏదో ఒకటి తేల్చుకునే లోపే చెయ్యి తేల్చేసింది. గెడ వచ్చి పొడుగు ముక్కు మీద ఫెడీమని పడింది.

డాల్ఫిన్ రెండు ముక్కలైంది. తల నవ్వుతూనే ఒక పక్కకి కొట్టుకుపోయింది. సంగతి తెలియని సుకురు ఎప్పట్లాగే తాడు లాగితే తోక ఒక్కటే ఎగిరింది.

"ఖూన్!" అని అరిచాడు చక్లాదార్ బాబు. ఫోనులో శ్యామ్‌బజార్ వదినగారు కూడా అరిచింది.

పడవ రేవు చేరేసరికి, శ్యామ్‌బజార్ మీదుగా ఫోనుల్లో కబురు ముందే చేరింది. భ్రమరబర పక్కన అటవీ శాఖ గార్డు నిలబడి ఉన్నాడు. డాల్ఫిన్‌ని చంపితే జైలని చిలికాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. చుట్టూ జనం, జనంలో తిలోత్తమ.

భ్రమరబర పెదవులు తడుపుకున్నాడు. అలవాటు కొద్దీ ముందు అడగాల్సిందే అడిగాడు. "బాబూ, డాల్ఫిన్ కనబడిందా?"

"కనబడింది! వీడు చంపడం కూడా కనబడింది!"

ఆరఖిత లోపల్లోపల లెక్క వేసుకున్నాడు. కనబడిందన్నాడు, అంటే వంతు నిలిచింది. చంపానన్నాడు, అంటే జైలు. చంపలేదని రుజువు చెయ్యాలంటే అది థర్మోకోలని చెప్పాలి. చెబితే డాల్ఫిన్ కనబడనట్టే, పేరు కొట్టేస్తారు. జైల్లో కూర్చుంటే వంతు ఉంటుంది, ఇంట్లో కూర్చుంటే ఉండదు.

"చెప్పవేం? రోజూ ఆగని నోరు ఇవాళ పడిపోయిందా?" తిలోత్తమ పళ్ళ బిగువున అంది.

ఆ చిక్కు విప్పే శ్రమ అతనికి లేకుండా సుకురు చేశాడు. మెడ దాకా బురదతో, ఎవరిదో నాటుపడవలోంచి దూకి, ఒక చంకలో తలా ఇంకో చంకలో తోకా పెట్టుకుని గట్టు మీదికి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, దిగులు పడకు! తల కూడా దొరికింది! ఫెవికాల్ పెడితే అతుక్కుంటుంది!"

విరిగిన మెడలోంచి తెల్లటి పూసలు జలజలా రాలాయి. గార్డు ఒకటి తీసి నలిపి చూశాడు. "దీన్ని చంపితే కేసు లేదు," అని నవ్వాపుకుంటూ టోపీ సర్దుకున్నాడు.

భ్రమరబర గొంతు సవరించుకున్నాడు. నిబంధన నిబంధనే. "అయితే బాబూ, మళ్ళీ అడగాలి. డాల్ఫిన్ కనబడిందా, లేదా?"

ఆరఖిత కాళ్ళ కింది గట్టు వంక చూశాడు. చక్లాదార్ బాబు నేల మీది పూసల వంక చూశాడు. చేతిలో ఫోను టింగు టింగుమంటూనే ఉంది. చుట్టాలందరూ అభినందనలు పంపుతున్నారు. పైన శ్యామ్‌బజార్ వదినగారి కబురు: 'మీరు అదృష్టవంతులు. ఆ హంతకుణ్ణి వదలకండి.' ఇప్పుడు లేదంటే ఆ మాట రేవులో ఆగదు. కలకత్తా చేరుతుంది. చదువుకున్న చక్లాదార్ దసరా బొమ్మని చూసి ఏడ్చాడని పెళ్ళిళ్ళలో చెప్పుకుంటారు. భార్య వెనకనుంచి గట్టిగా గిల్లింది.

"కనబడింది," అన్నాడు.

"ఇదేనా బాబూ?" అన్నాడు గార్డు.

"ఇదెందుకవుతుంది? ఇదెవడో పారేసిన చెత్త. మేము చూసింది ఇంకా పెద్దది. దెబ్బ తప్పించుకుని లోపలికి పోయింది."

"నాలుగుసార్లు ఎగిరింది," అన్నాడు బుబాయి.

"సరస్సులో ఇలాంటి చెత్త వేయిస్తారేమిటయ్యా? మీ శాఖ ఏం చేస్తోంది?" అని చక్లాదార్ బాబు గార్డునే నిలదీశాడు. కోతిటోపీ సరిచేసుకుని, ఆరఖిత మొహం చూడకుండా నడిచిపోయాడు.

వంతు నిలిచింది.

సాయంత్రం భ్రమరబర స్వయంగా ఆరఖిత ఇంటికి వచ్చాడు. చీవాట్లు పడతాయని ఆరఖిత లేచి నిలబడ్డాడు. భ్రమరబర అతన్ని చూడలేదు, గోడకి ఆనించిన రెండు ముక్కల్ని చూశాడు.

"ఏరా సుకురూ, నిజంగా అతుకుతుందా?"

"ఫైబరుతో చేయిస్తే ఇంకా మేలు సభాపతి గారూ. పదేళ్ళు నవ్వుతుంది."

"సంఘం తరఫున చేయిద్దాం. తాడు నీ చేతిలోనే ఉంటుంది." అప్పుడు ఆరఖిత వైపు తిరిగాడు. "రేపట్నుంచి అన్ని పడవలూ రెల్లు దీవికే. కాలువ మొగవైపు ఒక్క ఇంజను కూడా పోకూడదు. ఆ బోడిగుండ్లు వెంటబడి వచ్చాయంటే ఆట చెడుతుంది. ముందు నీకే చెబుతున్నా. నీ వాదనలు నా దగ్గర పెట్టకు."

తిలోత్తమ మొగుడి నోరు ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఊపిరి బిగబట్టి చూసింది.

"ఒక్క ఇంజను కూడానా?" అన్నాడు ఆరఖిత.

"ఒక్కటి కూడా."

"వల వెయ్యొచ్చా?"

"వల సంగతి సంఘానికెందుకు? వేసుకో. చప్పుడు చెయ్యకు, అంతే."

ఆరఖిత బుద్ధిగా తలూపాడు. భ్రమరబర అంత సులువుగా పని అయినందుకు ఆశ్చర్యపోతూ, డాల్ఫిన్ తలని జాగ్రత్తగా గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

"అదేంటి, ఒక్క మాటైనా అనకుండా ఒప్పేసుకున్నావ్?" అంది తిలోత్తమ. "ఖేరాని చూసినవాడు ఇక ఈ రేవులో ఒక్కడూ ఉండడు."

"మెల్లిగా మాట్లాడవే," అన్నాడు ఆరఖిత, అటక మీదికి చెయ్యి పోనిచ్చి దుమ్ము కొట్టుకున్న వలని కిందికి లాగుతూ.