చేతులతో చెప్పిన మెయిలు

కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే చిన్నదానికి పుట్టినప్పటినుంచీ చెవులు వినపడవు. అంతమాత్రాన పడుంటుందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల ఖర్మ. ఆమె మాటంతా చేతుల్లోనే ఉంది. ఆ చేతుల భాష బళ్లో నేర్చింది కాదు, పసితనంలో నాయనమ్మా తనూ కూర్చుని కల్పించుకున్నది. ప్రపంచం మొత్తమ్మీద అది వచ్చింది వాళ్లిద్దరికే.

నాయనమ్మ ఇప్పుడు దూరాన బాబాయి ఇంట్లో, వంటగది పక్కన సామాన్ల గదిలో ఉంటోంది. ఆమెకు చదువు రాదు. బంధువులు రాసే మెయిళ్లు బాబాయే చదివి వినిపిస్తాడు. తన దగ్గరికి వచ్చేయమని చిన్నది రెండుసార్లు రాసింది. మీ నాయనమ్మకు రావాలని లేదంటూ రెండుసార్లూ బాబాయే జవాబిచ్చాడు. ఆ ఇంట్లో వంటా వార్పూ ముసలావిడ మీదే నడుస్తున్నాయి మరి, పంపడానికి మనసెలా ఒప్పుతుంది?

చిన్నదానికి ఒళ్లు మండింది. కెమెరా ముందు నిలబడి తన మాట చేతులతోనే చెప్పి, ఆ వీడియోను మెయిలుకు తగిలించి బాబాయికి పంపింది. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. మెయిల్లో అంతంత ఫైళ్లు పంపడం మర్యాద కాదట. నెట్‌కు నిమిషాల లెక్కన కడుతున్నాడట, సగంలో లైను తెగితే మళ్లీ మొదటికొస్తోందట. టైపు చేయడం వచ్చి కూడా ఈ తలనొప్పి ఎందుకని పెద్దత్త వంత పాడింది. ఖర్చు మాట అబద్ధం కాదు, చిన్నదీ ఒప్పుకుంది. కానీ టైపు చేసిన మాట బాబాయి నోరు దాటి రావాలి. చేతులు చెప్పేదాన్ని ఎవడు మింగగలడు?

"ఫైలు తీసిపారేశాను. ఇంకోసారి పంపావంటే నీ మెయిళ్లే రాకుండా చేస్తా," అని రాశాడు బాబాయి.

"చేసుకో బాబాయ్. నీ ఒక్కడికే పంపడం నాది బుద్ధి తక్కువ. ఇకనుంచి అందరికీ పంపుతా. నాయనమ్మకు చూపించేదాకా రోజూ పంపుతా."

అన్నంత పనీ చేసింది. వీడియోను ముక్కలు చేసి బంధువులందరికీ తోసింది. మెయిల్‌బాక్సులు నిండిపోయి వాళ్ల ఆఫీసు కాగితాలు కూడా ఆగిపోయాయి. ముసలావిడకు చూపించి ఈ పీడ వదిలించమని అందరూ బాబాయి మీద పడ్డారు. ఆయన విసుక్కుంటూ నాయనమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. చూశాక ఆమె తనూ జవాబు చెప్తానంది. ఆమె చేతులు తిప్పుతుంటే ఆయనే కెమెరాతో తీశాడు. అందరి నోళ్లూ మూయించాలని అందరికీ పంపాడు. ఆ చేతులు ఏమంటున్నాయో ఆయనకు ఒక్క ముక్క తెలియదు.

చిన్నది అద్దాలు అరగదీసే మెషీను ఆపేసి, షాపు కంప్యూటర్లో ఆ వీడియో చూసింది. నాయనమ్మ బాగా చిక్కిపోయింది. చేతులు మాత్రం ఎప్పట్లాగే చకచకా కదులుతున్నాయి.

"ఇన్నాళ్లలో ఒక్కసారైనా రమ్మనలేదేమే? నువ్వు నన్ను మరిచిపోయావని వీడు చెప్పాడు. బట్టలు సర్దుకున్నాను, వచ్చి తీసుకుపో."

చిన్నదానికి ఏడుపు ఆగలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు టైపు చేసి, ముందు బాబాయికి, తర్వాత బంధువులందరికీ పంపింది. అప్పుడు సెలవు అడగడానికి లేచింది.