చేతులు కడగొద్దు

మధ్యాహ్నం గంట కొట్టాక ఆరో తరగతి గది ఖాళీగా ఉండటమేంటి? కర్రక్క గుమ్మంలోనే ఆగిపోయింది. కూతురు పొద్దున మర్చిపోయిన లెక్కల పుస్తకం ఇచ్చిపోదామని రంగుల మిల్లులో మేస్త్రీని బతిమాలుకుని పరుగున వచ్చిందామె. బల్లలున్నాయి, బోర్డుంది, పిల్లలే లేరు. పక్క గదిలో మాత్రం సూపర్‌వైజర్ల పిల్లలూ గుమాస్తాల పిల్లలూ బుద్ధిగా కూర్చుని సైన్సు పాఠం వింటున్నారు.

బడి వెనక గోడకు ఈ మధ్యే ఒక తలుపు పెట్టారు. దాని అవతల మిల్లు కాంట్రాక్టరు షెడ్డు. కర్రక్క తలుపు తోసింది. కూలోళ్ల పిల్లలందరూ అక్కడున్నారు. రంగు తొట్ల చుట్టూ నిలబడి తడిగుడ్డలు పిండుతున్నారు. ఆమె కూతురు మోచేతుల దాకా నీలంలో ముంచి, తల ఎత్తకుండా పిండుతోంది.

"ఏంటే ఇది?"

"నైపుణ్యం పీరియడ్ అమ్మా," అంది పిల్ల భయంభయంగా. "చెప్పాను కదా, చేతిపని నేర్పిస్తున్నారని."

చెప్పింది, నిజమే. బళ్లో బొమ్మలేయిస్తున్నారేమో అనుకుని ఈ తల్లి మురిసిపోయింది కూడా.

"మరి లెక్కలో?"

"మాకు తీసేశారమ్మా."

కర్రక్కకు ఒళ్లు మండిపోయింది, నేరుగా హెడ్మాస్టరు గదికి నడిచింది. మిల్లు తొట్టిలో గుడ్డల్ని పొడవాటి కర్రతో తిప్పే పని ఆమెది, అందుకే ఆ పేరు. ఆ కర్ర చేతిలో లేకపోవడం ఆ రోజు హెడ్మాస్టరు అదృష్టం.

"ఇది పథకమమ్మా," అన్నాడాయన కుర్చీలోంచి లేవకుండా. "చదువు బతుకుతెరువు చూపించాలని పెద్దలు ఆలోచించి వేసిన ప్రణాళిక. మీ పిల్లలకు పనికొచ్చేదే నేర్పుతున్నాం."

"పక్క గది పిల్లలకు పనికిరాదా మరి? వాళ్లనీ పంపండి పిండటానికి!"

హెడ్మాస్టరు రిజిస్టరు తెరిచి అందులోకి తల దించుకున్నాడు. కాంట్రాక్టరు ఇచ్చిన కొత్త ఫ్యాను ఆయన నెత్తిమీద హాయిగా తిరుగుతోంది.

వింటున్నారా, చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ? ప్రణాళికట! ఎవడు వేశాడు దాన్ని? పిల్లల్ని అడిగాడా, కన్నవాళ్లని అడిగాడా? కాంట్రాక్టరుకు ఊరికే పనిచేసే చేతులు కావాలి. దానికి విద్య అని పేరు పెట్టారు, అంతే.

బళ్లో లెక్కలు చెప్పే టీచరమ్మ ఒక్కతే ఊరుకోలేదు. పైకి ఫిర్యాదు పెట్టింది. విచారణకు ఆఫీసరు వస్తున్నాడని తెలియగానే మిల్లు కూలోళ్ల కాలనీ అంతా పండగే. ఇంక మన కష్టం తీరిందనుకున్నారు. అక్కడే పప్పులో కాలేశారు.

రంగు పనివాళ్ల ఇళ్లలో ఒక అలవాటుంది. బ్లీచింగు పొడితో రుద్ది కడగనిదే చెయ్యి కంచంలో పెట్టరు. పెళ్లికి వెళ్లాలన్నా, పెద్దవాళ్ల ముందు నిలబడాలన్నా ముందు ఆ పొడే. అంత పెద్దాయన వస్తుంటే పిల్లలు మురికిగా కనిపిస్తే మన పరువేం కావాలి? ఆఫీసరు వచ్చే రోజు పొద్దున తల్లులందరూ పోటీలు పడి పిల్లల చేతులు తోమారు. అందరికంటే గట్టిగా తోమింది కర్రక్కే. "మంటమ్మా!" అని కూతురు గోలపెట్టినా వదల్లేదు.

ఆఫీసరు పిల్లల్ని వరసగా నిలబెట్టి చేతులు చాపమన్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. తెల్లగా పాలిపోయిన వేళ్లు, మల్లెపువ్వుల్లా శుభ్రం.

"రంగెక్కడుందమ్మా?" అన్నాడు టీచరమ్మతో. "మంచి పథకం మీద బురద చల్లడానికి సిగ్గులేదూ?"

కాంట్రాక్టరు మీసం కింద నవ్వుకున్నాడు. టీచరమ్మకు బదిలీ తప్పదని హెడ్మాస్టరు అప్పుడే ప్రకటించేశాడు. పైగా వచ్చే వారం బళ్లో సభ పెట్టి, ఇదే ఆఫీసరు చేతుల మీదుగా పథకానికి 'ఆదర్శ పథకం' అని పేరు పెడతారట, కాంట్రాక్టరుకు శాలువా కప్పుతారట!

కర్రక్కకు తల కొట్టేసినట్టయింది. సాక్ష్యాన్ని తన చేతులతో తనే కడిగేసింది.

ఆ సాయంత్రం కాలనీ కుళాయి దగ్గర జనం పోగయ్యారు. అరుపులు, ఏడుపులు.

"ఎందుకే ఈ రచ్చంతా?" అన్నాడు తొట్టి మామ. రంగు నీళ్లలో ముసలైనవాడు, చేతిగోళ్లన్నీ పుచ్చిపోయినవాడు. "రేపు మన పిల్లలు రావాల్సింది ఆ తొట్టి దగ్గరికే కదా. కాస్త ముందే నేర్చుకుంటే కొంపలేం మునగవు."

"నువ్వు నేర్చుకుని ఏం బాగుపడ్డావు మామా? నీ గోళ్లు చూపించు ఓసారి!" కర్రక్క అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "నా కూతురికి లెక్కలంటే ప్రాణం. అది పది పాసవ్వాలి. నా కర్ర దాని చేతికి రావడానికి వీల్లేదు. నేను చచ్చినా సరే, రానివ్వను!"

మామ తన గోళ్లకేసి చూసుకున్నాడు.

"వద్దని అరిస్తే చాలదక్కా," అంది టీచరమ్మ. "మధ్యాహ్నం ఏం కావాలో మనమే చెప్పాలి. మన ప్రణాళిక మనమే వేద్దాం."

అంతే, తలా ఒక మాట. లెక్కలు ముందుండాలన్నారు. ఇంగ్లీషు లేకపోతే ఎలా అని ఒకడు పట్టుబట్టాడు. కుట్టుపని పెట్టమని ఒకావిడ అంటే "మళ్లీ పనేనా తల్లీ!" అని అందరూ ఆమె మీద పడ్డారు. అప్పుడు తొట్టి మామ మెల్లగా అడిగాడు: "ఈ రంగు చర్మాన్ని ఎందుకు తింటుందో, అది చెప్పే పాఠముందా టీచరమ్మా?"

"ఉంది మామా. పక్క గదిలో చెబుతున్నది అదే. సైన్సు."

ఆ మాట విని లేచిన కేకకు కాంట్రాక్టరు ఇంటి కుక్కలు మొరిగాయి.

చివర్న కర్రక్క అంది: "ఇంకో మాట. సభ అయ్యేదాకా ఎవరూ చేతులు కడగొద్దు. పిల్లలూ కడగొద్దు, మనమూ కడగొద్దు. పరువు పోతే పోనీ."

ఆ వారమంతా కాలనీలో నీలం చేతులతోనే చెంచాలు పట్టుకుని తిన్నారు. చెంచాలు ఉన్నవాళ్లు లేనివాళ్లకు ఇచ్చారు.

సభ రోజు మధ్యాహ్నం ఆ నీలం చేతులు ఆఫీసరు కంట పడకుండా కాంట్రాక్టరు తెలివిగా పిల్లల్ని షెడ్డులో పెట్టి తాళం వేయించాడు. ఆ కబురు మిల్లుకు చేరింది. తొట్టిలో గుడ్డ వేశాక కర్ర ఆపకూడదు, ఆపితే రంగు మచ్చలు కట్టి గుడ్డంతా పాడైపోతుంది. కర్రక్క ఆపింది. "నీకేమైనా పిచ్చా!" అని మేస్త్రీ గావుకేక పెడుతుండగానే పక్క తొట్టి ఆగింది, దాని పక్కదీ ఆగింది. తడి చేతులు తుడుచుకోకుండానే మిల్లు మిల్లంతా బడికి నడిచింది.

షెడ్డు తాళం తొట్టి మామే పగలగొట్టాడు. పిల్లలు ముందు, పెద్దలు వెనక. వేదిక మీద ఆఫీసరు శాలువా విప్పుతున్నాడు.

"చేతులు చూస్తానన్నారుగా సారూ!" అని అరిచింది కర్రక్క. "ఇప్పుడు చూడండి!"

అన్ని చేతులూ ఒక్కసారి లేచాయి. మోచేతుల నుంచి నీలం కారుతోంది. ఆఫీసరు చేతిలో శాలువా అలాగే ఉండిపోయింది. కాంట్రాక్టరు సైగ చేశాడు, గేటు దగ్గరున్న పోలీసులు లోపలికి తోసుకొచ్చారు. ఎవరినెవరు నెట్టారో తెలియదు కానీ, కాసేపటికి ప్రతి పోలీసు చొక్కా మీదా నీలం చేతిముద్రలే.

కర్రక్కను వ్యాన్లోకి ఈడ్చారు. కిటికీ ఊచల్లోంచి ఆరో తరగతి గది కనిపిస్తోంది. పిల్లలు బల్లల మీద కూర్చున్నారు. పెద్దలు గుమ్మానికి అడ్డంగా గోడ కట్టినట్టు నిలబడ్డారు. టీచరమ్మ బోర్డు మీద లెక్క వేసి, కర్రక్క కూతురిని పిలిచింది. నీలం వేళ్ల మధ్య తెల్ల సుద్దముక్క. కర్రక్కకు ఏడుపాగలేదు. ఏడుస్తూనే పిడికిలెత్తింది.

స్టేషన్లో కేసులు రాసుకునే రైటరు వేలిముద్ర వెయ్యమని ఆమె ముందుకు కాగితం తోశాడు. ఆ చేతులు చూసి మొహం చిట్లించుకుని, మూలనున్న బకెట్టూ సబ్బూ చూపించాడు.

"ముందు వెళ్లి చేతులు కడుక్కునిరా."

"కడగను," అంది కర్రక్క, గేటు దాకా వినిపించేలా.

వ్యాను వెనకే నడిచొచ్చి బయట గేటు దగ్గర నిలబడ్డ మిల్లు కూలీల వందల గొంతులు అదే మాట అందుకున్నాయి.