వంతెన దగ్గర చెక్‌పోస్టు

మా తమ్ముడు విలికేసాకి కిడ్నీలు పాడైపోయాయి. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి. ఆ మిషను రాజధాని సువాలో ఉంది. మేముండేది సువాకి పడమరన, సముద్రం పక్కన, వైనికురాలో. మామూలు రోజుల్లో అదేమీ పెద్ద దూరం కాదు. మా మేనత్త కొడుకు అపెనిసాకి వ్యాను ఉంది. పొద్దున్నే ఊళ్లోవాళ్లని బజారు దగ్గర దింపి, అదే దారిలో విలికేసానీ వాడి భార్య టోరికానీ ఆస్పత్రి దగ్గర దింపేవాడు. వెళ్లేటప్పుడు బావలిద్దరూ దారిపొడుగునా వాదులాడుకునేవాళ్లు. వచ్చేటప్పుడు విలికేసా వెనకసీట్లో టోరికా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోయేవాడు.

వాడు రోగిష్టిలా కనిపించేవాడు కాదు. పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. మిషను లేని రోజుల్లో ఇంటిముందు గోనెపట్టా పరుచుకుని, ఎవరిదో ఇంజను విప్పి, మోచేతులదాకా నూనె పూసుకుని కూర్చునేవాడు. నీళ్లు కొలిచి తాగాలి. ఉప్పు తగ్గించాలి. కొబ్బరినీళ్లయితే అసలు ముట్టుకోకూడదు, గుండెకి ప్రమాదం. "చుట్టూ ఇన్ని కొబ్బరిచెట్లు పెట్టుకుని కొబ్బరిబోండాన్ని దూరంనించి చూసి దణ్ణం పెట్టేవాణ్ణి ఫిజీ మొత్తంలో నేనొక్కణ్ణే అక్కా" అని నవ్వేవాడు.

ఆ ఏడాది సువాలో అంటుజబ్బు పాకింది. నగరం చుట్టూ గీత గీశారు. లోపలివాళ్లు లోపలే ఉండాలి, బయటివాళ్లు బయటే. మా ఊరు దాటాక వచ్చే వంతెన దగ్గర ఆ గీత పడింది. పోలీసులు టెంటు వేసి, రోడ్డుకి అడ్డంగా డ్రమ్ములు పెట్టారు. వైద్యానికి వెళ్లేవాళ్లని వదులుతామన్నారు. వదిలారు కూడా. కానీ వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంగతి ఉండేది.

ముందు మాస్కులతో వచ్చింది చిక్కు. టోరికా నడుముకి చుట్టుకునే తన పాత సులూ గుడ్డలు కత్తిరించి మందారపువ్వుల మాస్కులు కుట్టింది. చెక్‌పోస్టులో ఉన్న పోలీసాయన వాటిని చూసి తల అడ్డంగా ఊపాడు.

"గుడ్డవి చెల్లవమ్మా. నీలంరంగువి, ఆస్పత్రివి ఉండాలి."

"మొన్న ఇవే పెట్టుకుని వెళ్లాం కదండీ?"

"మొన్న చెల్లాయి. నిన్న సాయంత్రం మార్చారు."

తర్వాత ఫోను. ఎవరి పక్కన ఎవరున్నారో కనిపెట్టే యాప్ ఒకటి ప్రతి ఒక్కరి ఫోన్లో ఉండాలన్నారు. అపెనిసాది బటన్ల ఫోను. దాన్ని తీసి పోలీసాయన ముందు పెట్టాడు.

"ఇందులో పాము ఆట ఒకటుంది సార్. సరిపోతుందేమో చూడండి."

పోలీసాయన నవ్వు ఆపుకోలేకపోయాడు గానీ డ్రమ్ము మాత్రం జరపలేదు. అపెనిసా వెనక్కొచ్చి, ఊళ్లో ఎవరి ఫోనో అడిగి పట్టుకుని మళ్లీ బయల్దేరేసరికి పొద్దెక్కిపోయింది. సువాలో తర్వాతివాళ్ల వంతు వచ్చేసిందని విలికేసాని సగంలోనే మిషను మీంచి దింపేశారు. మర్నాటికి వాడి కాళ్లు ఉబ్బాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. 

కొన్నాళ్లకి టీకా సంగతి వచ్చింది. పై వారంనించి మనుషుల్ని ఎక్కించుకునే బళ్లవాళ్లు టీకా వేయించుకుంటేనే గీత దాటాలన్నారు. విలికేసా, టోరికా ఎప్పుడో వేయించుకున్నారు. అపెనిసా వేయించుకోలేదు. వాడి చర్చిలో ఒక పెద్దమనిషి ఆ సూదిలో సైతాను ముద్ర ఉందని చెప్పాడు. ఆ మాట అపెనిసా పూర్తిగా నమ్మలేదు, అలాగని పూర్తిగా కొట్టిపారేయనూ లేదు. వారమంతా మొహం వేలాడేసుకుని తిరిగాడు. చివరికి విలికేసాయే కదిపాడు.

"ఒరే బావా, నన్ను వెళ్లినప్పుడల్లా మేకులంత సూదులతో పొడుస్తున్నారు. నీకు దోమ కుట్టినంత దానికే చెమటలేంట్రా?"

"సూదికి కాదు బావా. అందులో ఏముందో అని."

"ఏదుంటే ఏం? ఖాళీగా ఉన్న నీ బుర్రలోకి ఏదో ఒకటి వచ్చి చేరుతుందిగా."

"ఆ మిషను వైద్యం ముందు నీ నోటికి చేయించాలి."

"చేయించు. కానీ తీసుకెళ్లేదెవరు? నిన్ను వంతెన దాటనివ్వరుగా."

అపెనిసా నవ్వలేదు. లేచి నేరుగా మా ఊరి ఆరోగ్యకేంద్రానికి నడిచాడు. నర్సు అకనీసి సూది వేస్తున్నంతసేపూ కళ్లు గట్టిగా మూసుకుని పైకి వినపడేలా ప్రార్థన చేశాడట. బయటికొచ్చాక కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడ్డాడు. ఆ కథ విలికేసా ఊరంతా చెప్పి నవ్వించాడు. వాడు అంత నవ్వడం నేను చూసింది అదే ఆఖరుసారి.

ఒక మంగళవారం చెక్‌పోస్టు దగ్గర ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేయడం మొదలుపెట్టారు. రోగికే కాదు, తోడు వెళ్లేవాళ్లక్కూడా. టోరికాకి తుమ్ము లేదు, దగ్గు లేదు, ఒళ్లు వెచ్చబడిందీ లేదు. పుల్ల పెట్టించుకుని వ్యాన్లోకొచ్చి కూర్చుని, డబ్బాలోంచి ఉడికించిన కర్రపెండలం ముక్క తీసి భర్తకి తినిపిస్తోంది. అప్పుడు నిలువెల్లా తెల్లటి తొడుగులు వేసుకున్న ఇద్దరు వచ్చి తలుపు తీశారు.

"టోరికా అంటే మీరేనా? దిగండమ్మా."

"నేనా? నాకేం లేదండీ. బాగానే ఉన్నాను."

"బాగానే ఉంటారు. కానీ జబ్బుంది. దిగండి."

"ఈయన్ని మిషను దగ్గరికి తీసుకెళ్లాలి. ఇవాళ ఈయన రోజు."

"ఆయన్ని కూడా వెళ్లనివ్వరమ్మా. మీతో ఉన్నారుగా."

ఆమెని చేతిసంచితో అక్కణ్ణించి అటే తీసుకెళ్లి, సువాలో ఆటలాడే పెద్ద హాల్లో వరసగా పరిచిన చాపల మధ్య పడేశారు. అపెనిసా వ్యాను తిప్పి తమ్ముణ్ణి ఇంటికి తీసుకొచ్చాడు. విలికేసాకీ అపెనిసాకీ పరీక్షలో జబ్బు లేదని వచ్చింది. అయినా ఆమె పక్కనున్నవాళ్లు కాబట్టి కొన్నాళ్లు ఎవరింట్లో వాళ్లు విడిగా ఉండాలనీ, ఆ గడువు తీరేదాకా తమ్ముణ్ణి మిషను దగ్గరికి రానివ్వం అనీ అన్నారు. అక్కడ మంచాల మీద పడుకునేవాళ్లంతా విలికేసా లాంటివాళ్లే. ఒకరికి అంటుకుంటే అందరికీ ప్రాణాల మీదికి వస్తుంది. ఆ మాట కాదనడానికి మా దగ్గర ఏమీ లేదు. ఎవరినైనా తిట్టగలిగితే కొంచెం తేలికగా ఉండేదేమో.

ఎవరూ లోపలికి వెళ్లకూడదని అకనీసి వాడి గుమ్మానికి తాడు కట్టింది. నేను తాడు కిందనించి దూరాను.

"లితియానా అక్కా, లోపలికెళ్తే నువ్వూ కాంటాక్టువే. మళ్లీ బయటికి రానివ్వను."

"రానివ్వకు. బయట నాకేం పనుంది?"

ఆమె తన సంచిలోంచి రెండు నీలం మాస్కులు తీసి గడప మీద పెట్టి వెళ్లిపోయింది. రోజూ వచ్చి కిటికీ దగ్గర నిలబడి జ్వరం చూసేది, అక్కడే నిలబడి సువాకి ఫోన్లు చేసేది. ఒక ఆఫీసువాళ్లు ఇంకో ఆఫీసుని అడగమనేవాళ్లు. ఆ ఇంకో ఆఫీసు ఫోను మోగేది, ఎత్తేవాళ్లు కాదు. ఆమె గొంతులో మర్యాద రోజురోజుకీ తగ్గిపోవడం నేను లోపల్నించి వింటూనే ఉన్నాను.

విలికేసాకి దాహం. నీళ్లు ఇస్తే ఒంట్లోంచి బయటికి పోవు, ఊపిరితిత్తుల్లో చేరతాయి. మంచుముక్క గుడ్డలో చుట్టి పెదాలకి అద్దేదాన్ని. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి గోడకి చేరగిలబడి కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం వాకిట్లోకి చూస్తూ అన్నాడు.

"అక్కా, ఒక బోండాం కొట్టించవా?"

"వద్దురా నాన్నా. నీకు పడదు."

"ఇప్పుడింకా పడేదేంటి, పడందేంటి? ఒక్కటి."

నేను కొట్టించలేదు. శుక్రవారం మిషను దొరుకుతుందని అకనీసి ఆ పొద్దునే చెప్పింది. జబ్బు అనుమానం ఉన్నవాళ్ల కోసం విడిగా ఒకటి పెట్టారట. చెక్‌పోస్టులో అప్పటికప్పుడు చేసేది మాత్రం చాలదు, సువా ల్యాబులో కొత్తగా పరీక్ష చేసి, లేదని తేలిన ఫలితం చేతిలో ఉండాలి. శుక్రవారందాకా వాణ్ణి నిలబెట్టుకుంటే చాలనుకున్నాను.

టోరికా ఆ హాల్లోంచి రోజుకి ఎన్నిసార్లు ఫోను చేసేదో.

"వదినా, ఆయన ఊపిరి అలా వినిపిస్తోందేంటి?"

"ఫోను బాగాలేదు టోరికా."

"వదినా, నాకు అబద్ధం చెప్పకు. నేను రెండేళ్లు ఆయన పక్కన కూర్చున్నాను."

"మరి తెలిసి ఎందుకడుగుతావు?" అన్నాను. అటువైపు ఆమె ఏడుస్తుంటే, ఎవరో పక్కచాప మనిషి ఊరుకోమని చెప్పడం వినిపించింది.

అకనీసి బుధవారం విలికేసాకీ, వ్యాను నడపాల్సిన అపెనిసాకీ ముక్కులో పుల్ల పెట్టి, ఆ సీసాల్ని సువా వెళ్లే బండిలో పంపింది. శుక్రవారం పొద్దుటికి కూడా ఫలితం రాలేదు. అంబులెన్సులన్నీ గీత లోపలే తిరుగుతున్నాయి, ఖాళీ లేదన్నారు. "మీరు బయల్దేరండి. దారిలో ఉండగానే ఫోను వస్తుంది" అంది అకనీసి. అపెనిసా ఒంటినిండా వానకోటు తొడుక్కుని వచ్చాడు. ఇద్దరం కలిసి తమ్ముణ్ణి మోసుకెళ్లి వెనకసీట్లో కూర్చోబెట్టాం. నేను పక్కనే ఎక్కాను.

వంతెన దగ్గర ఆ పాత పోలీసాయనే ఉన్నాడు. లోపలికి తొంగిచూసి, వెంటనే టెంటులోకి వెళ్లి ఫోను పట్టుకున్నాడు. తిరిగొచ్చేసరికి అతని మొహం పాలిపోయింది.

"ఫలితం లేకుండా అక్కడ తలుపు తియ్యరక్కా. డ్రమ్ము జరపడం నాకొక నిమిషం పని. కానీ అక్కడికెళ్లాక మిమ్మల్ని రోడ్డు మీద ఎండలో నిలబెడతారు. ఇక్కడ నీడన్నా ఉంది. ఒక్క పది నిమిషాలు."

ఆ పది నిమిషాలు మధ్యాహ్నందాకా సాగాయి. అపెనిసా ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ కదలదేమోనని భయం. నేను విసనకర్రతో విసురుతూనే ఉన్నాను. విలికేసా ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"బావా... బెల్టు అరుస్తోంది. వింటున్నావా?"

"అరవనీ బావా."

"తెగుతుంది. ఇంటికెళ్లాక... విప్పి చూద్దాం."

"నువ్వు చూద్దువు గాని. నాకు చేతకాదుగా."

"నీకేం... చేతనైంది గనక."

అపెనిసా స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. వానకోటులో వాడి భుజాలు కదులుతుండడం వెనకనించి కనిపించింది.

చివరికి టెంటులో ఫోను మోగింది. జబ్బు లేదు. పోలీసాయన తనే పరిగెత్తి డ్రమ్ములు జరిపాడు. వ్యాను కదలబోతుంటే ఇంకో పోలీసు అడ్డం వచ్చి నావైపు చూపించాడు.

"ఈవిడ పరీక్ష ఏదీ?"

నాకెవరూ పరీక్ష చెయ్యలేదు. నా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అక్కడ చేయించుకుని ఆగితే ఇంకో గంట. నేను దిగిపోయాను. విలికేసా చెయ్యి నా సులూ అంచు పట్టుకుని ఉంది, ఆ వేళ్లు ఒక్కొక్కటీ నేనే విడదీశాను. "వెళ్లు నాన్నా, నేను ఇక్కడే ఉంటాను" అన్నాను. వాడేదో అన్నాడు. బెల్టు అరుపులో వినిపించలేదు.

తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్లారనీ, మిషనుకి గొట్టాలు తగిలిస్తుండగానే గుండె ఆగిపోయిందనీ అపెనిసా తర్వాత చెప్పాడు. అపెనిసాని గేటు దాటనివ్వలేదు. వ్యాన్లో కూర్చుని ఉండగా ఎవరో వచ్చి, విలికేసా సులూ, చెప్పులు ఒక సంచిలో పెట్టి ఇచ్చారట. ఆ సంచి చూశాకే తెలిసింది వాడికి.

విలికేసా ఒంట్లో ఆ అంటుజబ్బు లేదు. అయినా గడువు తీరలేదు కాబట్టి శవాన్ని పెట్టెలో మూసే ఉంచి ఇచ్చారు. వాకిట్లో చాపలు పరిచి ఊరు ఊరంతా కూర్చోవలసినది, గుప్పెడుమందిమి దూరందూరంగా నిలబడి పూడ్చిపెట్టాం. టోరికాని వదలమని అకనీసి ఎంత అడిగినా వదల్లేదు. అపెనిసా తన ఫోను గోతి మీదకి చాచి పట్టుకున్నాడు. మేము పాడిన పాట ఆమెకి అందులోంచే వినిపించింది. మాస్కుల్లోంచి పాడిన పాట ఏం వినిపించి ఉంటుంది?

ఆమె తిరిగొచ్చేసరికి మట్టి గట్టిపడిపోయింది. కొన్ని నెలలకి డ్రమ్ములు తీసేశారు. టెంటు ఎత్తేశారు. ఇప్పుడు ఆ వంతెన మీద ఎవరూ ఆగరు. అపెనిసా వ్యాను అమ్మేసి, పడవ మీద చేపలకి వెళ్తున్నాడు. టోరికా నాతోనే ఉంటోంది. ఎక్కువ మాట్లాడదు. మొన్న వంటింట్లో చేమాకు తుంపుతూ, తలెత్తకుండా అడిగింది.

"వదినా, ఆ మంగళవారం నేను ఇంట్లోనే ఉండిపోతే? నువ్వు తోడు వెళ్లి ఉంటే?"

"నీకు జబ్బుందని మనకేం తెలుసు?"

"అదే అంటున్నా. తెలిసేది కాదు. నన్నెవరూ పట్టుకునేవాళ్లు కాదు. ఆయన మిషను మీద పడుకునేవాడు."

ఇంకో ఆకు తుంపి ఆమె మళ్లీ అంది.

"లేకపోతే నానుంచి ఆయనకి అంటుకుని, ఆయన పక్కమంచాల్లోవాళ్లు పోయేవాళ్లేమో. అంతేనా వదినా? ఏదో ఒకటి చెప్పు."

 పొయ్యి మీద కర్రపెండలం ఉడికిందేమో చూడాలని లేచాను. ఇంకా ఉడకలేదు. అయినా అక్కడే నిలబడి ఉండిపోయాను.