చారలు మా ముందు కనిపించాలి

కంపెనీవాళ్ళు ఎంతో మర్యాదగా రాశారు. "కొన్ని ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్ లోపంతో ఉండే అవకాశం లేకపోలేదు" అన్నారు. ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. ఆ కొన్నింటిలో మనది ఒకటో కాదో తెలుసుకునే దారి మాత్రం చెప్పలేదు. తెర మీదికి బొమ్మల్ని పంపే ఆ చిప్, వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, కింద అతుకు వదిలేస్తుందట. అప్పుడు తెర నిండా ఆకుపచ్చ చారలు వస్తాయట. అలా వస్తే కంగారు పడకుండా, వారంటీ ఉండగానే తమ సర్వీస్ సెంటర్‌కి రమ్మన్నారు. వారంటీ అయిపోయాక వస్తే ఏం చెయ్యాలో రాయలేదు. అప్పుడు కంగారు పడొచ్చని కాబోలు.

అంతటితో చేతులు దులుపుకున్నారనుకుంటే తప్పు. మందు కూడా పంపించారు. ఒక అప్‌డేట్. అది వేసుకున్న దగ్గర్నుంచి నా ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ ఆగడం మానేసింది. మేం టీవీ సౌండ్ పెంచుకున్నాం, తర్వాత మా గొంతులు పెంచుకున్నాం. చిప్ బాగుపడదు గానీ, చల్లగా ఉండి ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటుందట. ఎన్నాళ్ళు అని నేనడిగితే, "వారంటీ దాటేదాకా" అన్నారు మా ఆయన. ఇంట్లో ఏది పాడైనా ఆయన ఇలాంటి తెలివైన మాట ఒకటి అని, పేపరు తిరగేస్తారు.

ఆయనకేం, పేపరుకి చిప్ ఉండదు. నాకు ఆ ల్యాప్‌టాప్ లేకపోతే పని లేదు. నేను వంటగదులు గీస్తాను. గట్టు ఎక్కడ, సింకు ఎక్కడ, అలమర తలుపు తెరిస్తే ఎవరి తలకి తగులుతుంది, అన్నీ తెర మీద తిప్పి తిప్పి చూపిస్తాను. వడ్రంగి మేస్త్రి ఆ బొమ్మ ఇంటివాళ్ళకి చూపించి ఒప్పించుకుంటాడు. ఇదివరకు ఇదే పని ఒక పెద్ద ఆఫీసులో చేసేదాన్ని. నా బొమ్మల కింద మేనేజరు తన పేరు వేసుకునేవాడు. ఒకరోజు ఒళ్ళు మండి, అందరూ వింటుండగా ఆయనకి నాలుగు చీవాట్లు పెట్టి బయటికొచ్చేశాను. ఏం పెట్టానో ఇక్కడ రాయను. ఆ మర్నాడు కొనుక్కున్నదే ఈ ల్యాప్‌టాప్. ఇది పోతే ఇంకోటి కొనే స్తోమత ఇప్పట్లో లేదు. మళ్ళీ ఆ ఆఫీసుకే వెళ్ళి, అన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా దిగమింగుకోవాలి.

చారలు రానే వచ్చాయి. నేను ఒకావిడ వంటింటికి పొయ్యి మీద పొగగొట్టం గీస్తుంటే, తెర మొత్తం గడ్డి మొలిచినట్టయింది. పరుగున సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్ళాను.

ఆ హాల్లో అడుగుపెడితే పళ్ళు టకటకలాడతాయి. యంత్రాలకి చల్లదనం మంచిదని ఏసీ అంత గట్టిగా పెట్టారట. కౌంటరులో కూర్చునే ఆయన టై మీద ఉన్ని స్వెట్టరు వేసుకుంటాడు. మనసులో ఆయనకి స్వెట్టరాయన అని పేరు పెట్టుకున్నాను. ఆయన నా ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర అద్దంలా మెరిసిపోయింది. ఒక్క చార లేదు.

"బానే ఉంది కదా మేడమ్."

"ఇంట్లో వస్తున్నాయండీ. వేడెక్కితే వస్తాయి. కావాలంటే ఫోన్లో ఫోటో తీశాను, చూడండి."

"ఫోటోలు తీసుకోం మేడమ్. చారలు మా ముందు కనిపించాలి. అప్పుడే కంప్లయింట్ రాసుకుంటాం."

"మీ ముందు ఇంత చలిగా ఉంటే అవెలా కనిపిస్తాయండీ?"

"అది మా చేతుల్లో లేదు మేడమ్" అన్నాడు ఆయన, ఆ చేతులు స్వెట్టరు లోపలికి లాక్కుంటూ.

వేడి చేస్తే చెడిపోయే వస్తువుని ఐసుగడ్డ లాంటి గదిలో పరీక్ష చేసి, బాగుందని చెప్పడానికి ఒక ఉద్యోగం ఉంటుందని నాకంతవరకు తెలియదు. ఇంటికి తెచ్చి తెరవగానే మళ్ళీ గడ్డి మొలిచింది. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అద్దం. అలా తిరుగుతూ ఉండగానే వారంటీ చివరి రోజు వచ్చేసింది.

ఆ పొద్దున నా మొహం చూసి మా అత్తయ్య విషయం అడిగింది. ఆవిడకి ల్యాప్‌టాప్ గురించి తెలిసిందల్లా, అది తెరిచి ఉంటే కోడల్ని పలకరించకూడదని. అంతా విని ముక్కున వేలేసుకుంది.

"మీ ఆయన చిన్నప్పుడు ఇంతే. ఇంట్లో ఒళ్ళు కాలిపోయేది. డాక్టరు దగ్గరికెళ్తే చల్లగా నవ్వేవాడు. డాక్టరేమో నాకు పిచ్చి అనుకునేవాడు."

"మరప్పుడేం చేశారు అత్తయ్యా?"

"కంబళి కప్పి తీసుకెళ్ళేదాన్ని."

మా ఆయన పేపరు ఇంకొంచెం పైకెత్తుకున్నారు.

బస్సులో అత్తయ్య ల్యాప్‌టాప్‌ని కంబళిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. లోపల అది, వేడెక్కాలని, ఒక వంటగది బొమ్మని ఆపకుండా తిప్పుతోంది. పక్క సీటావిడ పాపా, బాబా అని అడిగింది. "పాపే. జ్వరం" అంది అత్తయ్య. నేను కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాను.

దిగేముందు కంబళి కొంచెం తీసి చూశాను. నిండుగా చారలు! చారల్ని చూసి అంత సంతోషించిన మనిషి ఎక్కడా ఉండదు. తీరా కౌంటరు మీద పెట్టేసరికి బ్యాటరీ అయిపోయి ఆరిపోయింది. స్వెట్టరాయన తీగ తగిలించి, తీరిగ్గా ఆన్ చేశాడు. ఈలోగా ఏసీ గాలి దాని నెత్తిన చల్లటి నీళ్ళు పోసినట్టు పోసింది. అద్దం.

"బానే ఉంది కదా మేడమ్" అన్నాడు.

నేను వెళ్ళి కుర్చీలో కూలబడ్డాను. అత్తయ్య కూలబడలేదు. కంబళి చంకన పెట్టుకుని హాలంతా తిరిగింది. అక్కడున్న వాళ్ళందరిదీ నా కథే. ఇంట్లో చారలు, ఇక్కడ అద్దం. వాళ్ళలో ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహం వేసుకుని.

"గోడకి తీగ పెట్టండి మాస్టారూ. పెట్టి కప్పండి. పిలిచేదాకా తియ్యకండి" అంది అత్తయ్య, కంబళి ఆయన మీద పడేసి.

ఒకావిడ శాలువా తీసి కప్పింది. ఒకాయన కోటు విప్పి చుట్టి, తను వణుకుతూ కూర్చున్నాడు. చూస్తుండగానే ఆ హాలు పురిటి వార్డులా తయారైంది. అందరూ ఒళ్ళో మూటలు పెట్టుకుని, మధ్యమధ్యలో అంచు ఎత్తి తొంగిచూసి, "వచ్చాయా?" "మీకు?" అని పలకరించుకుంటున్నారు. నేను మాత్రం నా చల్లటి ల్యాప్‌టాప్ పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాను. వంటగది తిప్పి వేడెక్కిద్దామంటే గోడకి ప్లగ్గు ఒక్కటి ఖాళీ లేదు. ఆలోచన మా అత్తయ్యది, ప్లగ్గులు ఊరందరివీ.

మాస్టారు కంబళితో సహా కౌంటరుకి వెళ్ళి ముసుగు తీశారు. పచ్చగా, కళకళలాడుతూ చారలు. స్వెట్టరాయన చేతులు స్వెట్టరు లోంచి బయటికి తీశాడు. ఇక రాసుకోక తప్పదు. తన ముందున్న ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మొహం పాలిపోయింది. మేమందరం లేచి తొంగిచూశాం.

ఆయన తెర మీద కూడా గడ్డి మొలిచింది. ఆయనది కూడా మా మోడలే మరి. రోజూ పొద్దుట్నుంచి సాయంత్రందాకా "బానే ఉంది" అని రాసి రాసి దానికీ విసుగొచ్చినట్టుంది. ఒక్కసారి మెరిసి నల్లగా ఆరిపోయింది. మళ్ళీ లేవలేదు.

"మీ ముందే కనిపించాయి కదండీ" అన్నాను. ఆ మాత్రం అనకపోతే ఆ రాత్రి నాకు అన్నం సహించదు.

వేరే దాంట్లో రాయమని అందరూ గోల పెట్టారు. కంప్లయింట్లు రాసే పేజీ ఈ మోడల్లో తప్ప దేంట్లోనూ తెరుచుకోదట. బయటి యంత్రాల మీద కంపెనీకి నమ్మకం లేదట. హాల్లో ఉన్నవన్నీ ఆ మోడలే గానీ, మా అత్తయ్య పుణ్యమా అని అన్నీ పచ్చగా ఉన్నాయి. అక్షరం కనిపించే తెర ఒక్కటే ఉంది. నాది.

స్వెట్టరాయన నా వైపు తిరిగాడు. మొదటిసారి గొంతులో మర్యాద వినిపించింది.

"మేడమ్, మీది ఒకసారి ఇస్తారా? అందరివీ రాసేస్తాను."

"నాదో?"

"మీది కూడా. చారలు లేకపోయినా చూశానని రాస్తాను. ఆఖర్న రాస్తాను. యంత్రం మీదే కదా, ఎక్కడికి పోతుంది?"

నాకు ఇవ్వబుద్ధి కాలేదు. అందరికీ ఇదే చివరి రోజు కాదు, నాకు చివరి రోజు. కానీ మాస్టారు రెండు చేతులూ జోడించబోయారు. అంత పెద్దాయన అలా చేస్తుంటే నాకు సిగ్గేసింది. అత్తయ్య "ఇవ్వవే అమ్మాయ్, పదిమందికీ పనికొస్తుంది" అంది. ఇచ్చాను.

స్వెట్టరాయన ముందుగా రాసుకున్నది తన ల్యాప్‌టాప్ గురించే. తర్వాత మాస్టారిది, తర్వాత శాలువా ఆవిడది, కోటు ఆయనది. రాసినవి రాసినట్టు పెట్టెల్లో పెట్టి, టేపు చుట్టి, వ్యాన్‌లోకి ఎక్కించేశారు. చెడిపోయిందని కంపెనీ నమ్మని నా ల్యాప్‌టాప్, చెడిపోయినవాటన్నిటి తరఫునా కూర్చుని గుమాస్తాగిరీ చేసింది. ఒక్కసారి కూడా తడబడలేదు. నాకు దాని మీద ముద్దొచ్చింది, కోపం కూడా వచ్చింది. మాస్టారు వెళ్తూ కంబళి మడతపెట్టి అత్తయ్యకి ఇచ్చి, "మీ మేలు మర్చిపోనమ్మా" అన్నారు.

సాయంత్రం వ్యాన్ వెళ్ళిపోయింది. హాల్లో మేం ముగ్గురమే మిగిలాం. మూసే వేళకి కరెంటు ఆదా కోసం ఏసీ దానంతటదే ఆగిపోతుందట. ఆగిపోయింది. స్వెట్టరాయన హాయిగా స్వెట్టరు విప్పి, "ఇప్పుడు మీదే మేడమ్" అన్నాడు. నా పేరు రాశాడు. అడ్రసు రాశాడు. సమస్య అన్న చోట "చారలు చూశాను" అని రాశాడు. ఆ రెండు మాటల కోసం ఎన్నిసార్లు తిరిగానో నాకు తెలుసు. యంత్రం నంబరు దాని కిందే అతికించి ఉంటుంది కాబట్టి, ఎత్తి, చదివి, దించాడు. దించేసరికి అడుగుభాగం చెయ్యి కాలేంత వేడిగా ఉందన్నాడు.

నేను చూస్తూనే ఉన్నాను. ముందు ఒక మూల ఒక చార. తర్వాత పది. "పంపు" అన్న మీట గడ్డిలో ఎక్కడో పడిపోయింది. ఆయన అక్కడా ఇక్కడా అన్నిచోట్లా నొక్కాడు. నేను "కొంచెం పక్కకి, కింద, ఇంకొంచెం" అని అరుస్తున్నాను. తెర ఒక్కసారి మెరిసి నల్లబడింది. ఆగిపోవడమే ఎరగని ఆ ఫ్యాన్ కూడా ఆగిపోయింది. ఇన్నాళ్ళకి ఆ నిశ్శబ్దం వినిపించి నాకు ఏడుపొచ్చింది.

అత్తయ్యకి మాత్రం మొహం వెలిగిపోయింది.

"చూశావుగా నాయనా, నీ కళ్ళముందే! ఇక రాసుకో."

స్వెట్టరాయన నా ల్యాప్‌టాప్ వైపు చూశాడు, తలుపు అవతల వ్యాన్ లేని చోటు వైపు చూశాడు.

"చూశానమ్మా. దేంట్లో రాయమంటారు?"

రేపు కొత్త యంత్రం వస్తుందట, కానీ రేపు తారీఖు మారిపోతుందట, తారీఖు ఆయన చేతుల్లో లేదట. ఈసారి ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. అది కూడా వారంటీలోకి రాదు.

బస్సులో అత్తయ్య అలవాటు కొద్దీ ల్యాప్‌టాప్‌ని మళ్ళీ కంబళిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. అంచు జారితే నేనే మళ్ళీ కప్పాను. ఫోన్ తీసి పాత మేనేజరు నంబరు వెతుకుతున్నాను. ఆవిడ ఓరకంట చూసింది.

"ఆయనకేం చెప్తావో ముందు నాకు చెప్పి చూడు."

గొంతు సవరించుకున్నాను. "సార్, ఆ రోజు నేను అన్నది..."

"ఇంకొంచెం తగ్గించి" అంది అత్తయ్య, నా వీపు మీద చెయ్యి వేసి.